మోసినవాడు

మేజర్ గారు వంటింట్లోకి రావడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి.

నేను బల్ల దగ్గర నిలబడి ఆస్పరాగస్ కాడలకి తొక్క తీస్తున్నాను. ఏప్రిల్ ఆఖరి వారం. మా వైపు ఆ తెల్లకాడలు దొరికేది ఎనిమిది వారాలే. ఆ ఎనిమిది వారాలూ పెద్దిళ్ళలో రోజూ అదే కూర, వంటమనిషి వేళ్ళకి రోజూ అదే పని. ఆయన గుమ్మంలో ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"పనిలో ఉన్నట్టున్నావు ఫ్రీదా. కూర్చో, కూర్చో."

నేను కూర్చోలేదు. ఆయనే స్టూలు లాక్కుని కుడికాలు బారుగా చాపుకుని కూర్చున్నారు. యుద్ధంలో ఆ మోకాలు విరిగింది, ఇక వంగదు.

"ఆల్విన్ ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడండీ. తోళ్ళ ఫ్యాక్టరీలో పని తగ్గించారు. వారానికి నాలుగు రోజులే."

"యూనియన్ అంటూ ఇంకా తిరుగుతున్నాడా?"

కత్తి ఆగిపోయింది. అది 1933. కొత్త నాయకుడు గద్దెనెక్కి మూడు నెలలు కూడా కాలేదు. మా వీధిలో అప్పటికే ఇద్దరు మగవాళ్ళు ఇంట్లోంచి పోయి మళ్ళీ రాలేదు.

"ఎక్కడి యూనియన్ అండీ" అన్నాను.

ఆయన నవ్వారు. మేజర్ లోతార్ ఫాన్ స్ట్రేలెన్ గారిది చాలా మంచి నవ్వు. ఆయన మెడలో ఉండే నీలం పతకం యుద్ధంలో కైజర్ ఇచ్చింది. మా ఆల్టెన్‌రోడా మొత్తానికి అలాంటిది అదొక్కటే. ఆయన వీధిలో నడుస్తుంటే బడిపిల్లలు ఆగి సలాము కొట్టేవాళ్ళు. కానీ యుద్ధం ఓడిపోయాక సైన్యం ఆయన్ని ఇక చాలని ఇంటికి పంపేసింది. పదేళ్ళకి పైగా తోటలో గులాబీలు కత్తిరించుకుంటూ, భోజనాల దగ్గర అమ్మగారి మీద విసుక్కుంటూ గడిపారు. మూడేళ్ళ క్రితం ఆ కొత్త నాయకుడి పార్టీలో చేరారు. చేరిన నాటి నుంచీ మనిషి నడకే మారిపోయింది. ఆ కుంటు కూడా తగ్గిందేమో అనిపించేది.

"మే ఇరవై ఒకటిన మా రెజిమెంటు పండగ" అన్నారు. "పై ఊరి నుంచి పెద్దలొస్తున్నారు. ఆల్విన్ వేదిక మీద నా పక్కన నిలబడాలి. ఆ దిబ్బ మీద నాతో ఉన్నవాళ్ళలో ఈ ఊళ్ళో మిగిలింది వాడొక్కడే. చొక్కా నేనే కుట్టిస్తానని చెప్పు."

ఏ చొక్కా అని నేను అడగలేదు. ఆయన లేచి, ఒక కాడ తీసుకుని పచ్చిగానే కొరికి, "తియ్యగా ఉంది" అంటూ వెళ్ళిపోయారు.

*

ఆ దిబ్బ సంగతి ఆల్విన్ నాకు ఒక్కసారే చెప్పాడు, మా పెళ్ళికి ముందు.

ఫ్లాండర్స్‌లో ఏదో మట్టిదిబ్బ. రెండు రోజులు ఇంగ్లీషువాళ్ళ ఫిరంగులు ఆగలేదట. అప్పటికి కెప్టెన్‌గా ఉన్న మా అయ్యగారు నేల కింది గదిలో బల్ల కిందకి దూరి, తలమీద రెండు చేతులూ పెట్టుకుని, వాళ్ళమ్మని పిలుస్తూ ఉండిపోయారు. పైన పదకొండు మంది మిగిలితే వాళ్ళని కూడగట్టుకుని దిబ్బని నిలబెట్టింది కార్పొరల్ ఆల్విన్ క్రెల్. ఆఖర్న అయ్యగారు పైకి రాబోయి మెట్ల మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకుంటే, వీపు మీద వేసుకుని మైలున్నర బురదలో మోసుకొచ్చిందీ ఆల్వినే. పైవాళ్ళు రాసుకున్న కాగితంలో దిబ్బని నిలబెట్టింది కెప్టెన్ అయ్యారు. ఆల్విన్‌కి ఇనుప శిలువ ఒకటి ఇచ్చారు, అందరికీ ఇచ్చేదే.

"మరి నువ్వు నోరెందుకు మూసుకున్నావు?" అని అడిగాను అప్పుడు.

"భయం ఎవరికైనా వేస్తుంది ఫ్రీదా. అంతకు ముందు వారం నాకు వేసింది. ఆ రోజు ఆయన వంతు. దానికి మనిషిని నలుగురిలో పెట్టి నవ్వుతామా?"

ఆ మర్యాదకి బదులే నాకు ఆ ఇంట్లో వంటపని అని నేననుకునేదాన్ని. ఆల్విన్ అలా కూడా అనుకోలేదు.

ఇప్పుడు ఆ పాత సంగతి ఎలాగో బయటికి పొక్కింది. బీరుహాలు బ్లాష్కె అని ఒకడుండేవాడు. పార్టీలో మేజర్ గారి కంటే ముందు చేరినవాడు. మేజర్ గారు ఆశపడుతున్న జిల్లా పోలీసు పెత్తనం తనకే రావాలని వాడి పట్టు. "మన హీరో యుద్ధమంతా బల్ల కిందే చేశాట్ట" అని వాడు బీరు పోస్తూ పోస్తూ అంటున్నాడని సంతలో చేపలమ్మే ఆవిడ నాతో చెప్పింది.

మేజర్ గారి కబురు చెప్పగానే ఆల్విన్ చెయ్యి తుడుచుకుని, "పక్కన నిలబడమంటే నిలబడతాను. పార్టీవాళ్ళ ఆ గోధుమరంగు చొక్కా మాత్రం వేసుకోను. అది నేనే వెళ్ళి చెప్తాలే" అన్నాడు.

"వెళ్ళి చెప్పకపోతే ఏం? జ్వరమని పడుకో ఆ పండగనాడు."

"జ్వరం వస్తే పడుకుంటాను" అన్నాడు.

మా ఇర్మాకి అప్పుడు పదేళ్ళు. బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటూ తలెత్తకుండా, "వేసుకో నాన్నా. వేసుకుంటే మా క్లాసులో నన్ను ఎర్రవాడి కూతురు అనరు" అంది. ఆల్విన్ దాని జుట్టు చెరిపి నవ్వాడు.

*

ఆదివారం పొద్దున్న చర్చి అయ్యాక, ఆల్విన్ తన నల్లకోటు వేసుకుని అయ్యగారింటికి వచ్చాడు. వరండాలో కూర్చోబెట్టారు. కాఫీ పెట్టింది నేనే కాబట్టి మొగుడి ముందు కప్పు పెట్టి, పనిమనిషిలా పక్కకి జరిగి నిలబడ్డాను.

"కెప్టెన్ గారూ, నా వల్ల కాదండీ" అన్నాడు ఆల్విన్.

"మేజర్‌ని, ఆల్విన్."

"అలవాటండీ. నేను మామూలు కోటులో వస్తాను. మీ పక్కన నిలబడతాను. ఎవరేం అడిగినా మీ గురించి చెడ్డమాట అనను."

"అడిగితే కాదు, నువ్వే చెప్పాలి. మైకు ముందుకి వచ్చి, నాలుగు మాటలు. ఆ రోజు ఏం జరిగిందో."

"ఏం జరిగిందో చెప్పమంటారా?"

మేజర్ గారు కప్పులో చెంచా తిప్పుతున్నారు, చక్కెర వేసుకోకుండానే.

"పదహారేళ్ళుగా నేను ఒక్క మాట ఎక్కడా అనలేదండీ" అన్నాడు ఆల్విన్ మెల్లగా. "అది చాలదా?"

"పదహారేళ్ళుగా," అన్నారు మేజర్ గారు, "ఈ ఊళ్ళో ఎక్కడ నువ్వు ఎదురుపడినా టోపీ తీసి నవ్వుతావు. ఆ నవ్వు నేను పదహారేళ్ళు భరించాను. అది చాలదా?"

ఆయన గొంతు పెంచలేదు. ఆల్విన్‌కి నిజంగా అర్థం కాలేదు. తెల్లబోయి నా వైపు చూశాడు. "నేను మర్యాదకే నవ్వానండీ" అన్నాడు. ఆ మాటతో వ్యవహారం ఇంకాస్త చెడిందని నాకు ఆయన మొహంలో కనబడింది.

"వెళ్ళిరా ఆల్విన్" అన్నారు. "కాఫీ చల్లారకముందే తాగి వెళ్ళు."

*

రెండు రోజులకి పార్టీవాళ్ళు దేశమంతా యూనియన్ ఆఫీసులు పగలగొట్టారు. మా ఊళ్ళో మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టే వేళకి ఫ్యాక్టరీకి వచ్చారు, ఇద్దర్ని పట్టుకున్నారు. అందులో ఆల్విన్ ఒకడు. మెడలో అట్ట కట్టి, 'నేను దేశద్రోహిని' అని దానిమీద రాసి, చెప్పులు తీయించి, సంతవీధి వెంట నడిపించారట. చేపలావిడ కళ్ళు దించుకుని చెప్పింది. ఏటివార మూసేసిన పాత నూలుమిల్లుని జైలు చేశారు. అక్కడికి తీసుకెళ్ళారు.

నేను పరుగున వెళ్ళి మేజర్ గారి కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఆయన నన్ను భుజం పట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు.

"కంగారు పడకు. నా మనుషుల దగ్గరే ఉన్నాడు. బ్లాష్కె చేతికి చిక్కితే ఏమయ్యేదో తెలుసా నీకు? నేనే ముందు రప్పించాను. వాడి మంచికే."

ఆ క్షణాన ఆయన చెయ్యి ముద్దు పెట్టుకున్నాను. ఇది చెప్పకుండా దాచొచ్చు. దాచను.

మర్నాడు మళ్ళీ వంటకి వెళ్ళాను. రోజూ వెళ్ళాను. సాసులో వెన్న ఎక్కువైందని అమ్మగారు గరిట పక్కన పెట్టి, "మనసు ఇంట్లో వదిలేసి రావాలమ్మా ఫ్రీదా. మాకూ కష్టాలుంటాయి, వంటలో చూపిస్తామా?" అన్నారు.

శుక్రవారం మిల్లు గేటు దగ్గర మాసిన బట్టల మూట ఇచ్చారు, ఉతికి తెమ్మని. గేటు దగ్గరున్నవాడు మా వీధి చివరి ఇంటి కుర్రాడే. చిన్నప్పుడు దగ్గుకి మందు మా ఇంట్లోనే తాగాడు. "బాగా నానబెట్టు అత్తా, తొందరగా వదలదు" అని నవ్వాడు. ఇంటికొచ్చి మూట విప్పాను. చొక్కా వీపు భాగం అట్టలా గట్టిపడి ఉంది. దానికి అంటుకుని చర్మం ఉంది. ఇర్మా బడి నుంచి వచ్చేలోపు ఉతికి ఆరేశాను. మూడు నీళ్ళు పట్టాయి.

*

పండగ ఇంకా నాలుగు రోజులుందనగా మేజర్ గారు నన్ను తన గదిలోకి పిలిచారు. బల్లమీద టైపు చేసిన కాగితం ఉంది.

"వాడు నా మనుషులతో ఒక్క మాటా మాట్లాడటం లేదట. నాకూ విసుగొస్తోంది. నువ్వు తీసుకెళ్ళు, నీ మాట వింటాడు. సంతకం పెడితే ఆదివారానికి ఇంట్లో ఉంటాడు."

"నిజంగానా అండీ?"

"ఫ్రీదా," అన్నారు, బాధపడ్డట్టు. "నేను సైనికుణ్ణి. మాటిచ్చాను కదా."

తన కారులోనే పంపించారు. అలాంటి కారు ఎక్కడం నాకు అదే మొదటిసారి. దారిలో మెత్తటి సీటు మీద కూర్చుని, ఆదివారం ఏం వండాలా అని ఆలోచించాను.

మిల్లులో ఒకప్పుడు దూది మూటలు పెట్టుకునే గదిలో, ఆల్విన్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడిచేతి వేళ్ళు ఉబ్బిపోయి, ఒకదాన్నించి ఒకటి విడిగా, ఎటువైపు పడితే అటు తిరిగి ఉన్నాయి.

"ఇర్మా?" అన్నాడు.

"బాగానే ఉంది. లెక్కల్లో ఫస్టొచ్చింది."

"ఊఁ" అన్నాడు. నవ్వబోతే పెదవి చిట్లింది.

కాగితం చేతిలో పెట్టాను. మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివాడు. చదువుతూ ఉండగా భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు.

"చూశావా ఇది? బల్ల కింద దూరింది నేనట. సరే, పోనీ. వీపు మీద వేసుకుని మైలున్నర మోసింది కూడా ఆయనేనట, నన్ను. ఆయన మోకాలు అలాగే విరిగిందట. అదొక్కటైనా నాకు ఉంచుతాడనుకున్నాను ఫ్రీదా."

"పెట్టెయ్ ఆల్విన్. ఉత్త కాగితం. ఎవడిక్కావాలి ఆ దిబ్బ? ఆదివారానికి ఇంట్లో ఉంటావు. మాటిచ్చారు."

"ఆయనా?"

"సైనికుణ్ణి, మాటిచ్చాను అన్నారు."

ఆల్విన్ నన్ను చూశాడు. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదని చెప్పుకుని బతికాను. అర్థమయ్యే ఉంటుంది. తలుపు దగ్గర నిలబడ్డవాడు గడియారం చూసుకుని దగ్గాడు.

"నీకు నేను సంతకం పెడితే బాగుంటుందా?" అని అడిగాడు.

"బాగుంటుంది. ఇక నా వల్ల కాదు ఆల్విన్. ఆ చొక్కాలు ఇంకోసారి ఉతకలేను."

"సరే అయితే. నా చెయ్యి పట్టుకో. ఇవి పెన్ను పట్టవు."

ఆ వేళ్ళ మధ్య పెన్ను ఇరికించి, పైనుంచి నా చేత్తో పట్టుకుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లకి దిద్దించినట్టు దిద్దించాను. ఒక్కో అక్షరానికీ అతని ఊపిరి ఆగుతోంది. అయ్యాక నుదురు నా భుజానికి ఆనించి, "ఇక వెళ్ళు. కారు ఆగి ఉంటుంది" అన్నాడు.

మేజర్ గారు కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. "చెయ్యి వణికిందే."

"నేను పట్టుకుని పెట్టించానండీ."

"అలాగా. అయితే సాక్షిగా కింద నువ్వూ పెట్టు."

పెట్టాను. ఆయన దానిమీద అద్దుడు కాగితం ఒత్తుతూ, "ఆదివారం పన్నెండు మంది భోజనానికి వస్తారు. దూడమాంసం చెయ్యి, ఆస్పరాగస్‌తో. నీ చేతి సాసు ఈ జిల్లాలో ఎవరికీ రాదు" అన్నారు.

ఆ కాగితం ఆయన్ని చాలా దూరం తీసుకెళ్ళింది. పండగ దాటి నెల తిరక్కుండా జిల్లా పోలీసు ఆయన చేతికి వచ్చింది, బ్లాష్కె ఊరు విడిచి పారిపోయాడు. మూడేళ్ళకి పార్టీ సొంత సైన్యం తొడిగే నల్ల యూనిఫారం వచ్చింది. రెండో యుద్ధం వచ్చాక తూర్పు దేశాలకి పెద్ద అధికారిగా పంపారు. అక్కడ ఒక్క ఊళ్ళోనే రెండు వేల మంది యూదుల్ని, ముసలీ ముతకా చంటిపిల్లలతో సహా, గోతుల అంచున నిలబెట్టి కాల్పించారని తర్వాత కోర్టులో చదివారు. కోర్టులోనూ ఆయన గొంతు పెంచలేదట. పన్నెండేళ్ళు శిక్ష వేసి అయిదేళ్ళకి వదిలేశారు. మళ్ళీ గులాబీలు కత్తిరించుకుంటూ ఎనభై దాటి, నిద్రలో పోయారు. నేను చెప్పేది మాత్రం ఆ ఒక్క వసంతం గురించే.

*

ఆదివారం తెల్లారగానే ఇర్మా జుట్టుకి రిబ్బను కట్టి, నాన్న వస్తే బాదం కేకు పెట్టమని చెప్పి పనికి వెళ్ళాను. ఊరంతా బ్యాండు మోతే. వంటింటి కిటికీ తెరిస్తే మైదానంలో మైకు గొంతు ముక్కముక్కలుగా వినబడుతోంది. ఎవరో ఆ కాగితం చదువుతున్నారు. చివర్న జనం చప్పట్లు. నేను సాసులో గుడ్డుసొన కలుపుతున్నాను. అది కలుపుతూనే ఉండాలి, చెయ్యి ఆపితే విరిగిపోతుంది.

పన్నెండు మందీ తిన్నారు. రెండోసారి కూడా అడిగి వేయించుకున్నారు. పై ఊరి పెద్దాయన వంటమనిషిని పిలిపించి, లేచి నిలబడి గ్లాసెత్తారు. అందరూ ఎత్తారు. మేజర్ గారి పక్కన కుర్చీ ఖాళీగా ఉంది, దానిమీద ఇస్త్రీ చేసిన గోధుమరంగు చొక్కా ఒకటి మడిచి పెట్టి ఉంది. కొలతలు చూడగానే తెలిసిపోయింది ఎవరిదో.

తీపి వడ్డించి, కాఫీ ఇచ్చి, గిన్నెలు కడగడానికి నీళ్ళు పోసుకుంటుంటే అయ్యగారూ అమ్మగారూ ఇద్దరూ వంటింట్లోకి వచ్చారు.

"ఫ్రీదా," అన్నారు ఆయన. "ఆల్విన్ గుండె ఆగిపోయింది. నిన్న పొద్దున్న."

"నిన్నా?" అన్నాను. ఆ ఒక్క మాటే పట్టుకున్నాను, ఎందుకో.

"ముందే చెబుదామనుకున్నారు," అన్నారు అమ్మగారు, నా భుజం మీద చెయ్యి వేసి. "నేనే వద్దన్నాను. అంత మంది భోజనాలు పెట్టుకున్నాం. నువ్వు తట్టుకోగలవా చెప్పు, ఆ స్థితిలో?"

నా చేతులు వేడినీళ్ళలోనే ఉన్నాయి. ఆ నీళ్ళు కాలుతున్నాయని చాలాసేపటికి గానీ తెలియలేదు.

"చొక్కా వాడికి తొడిగిస్తాను" అన్నారు మేజర్ గారు. "ఖర్చంతా పార్టీదే. సైనిక మర్యాదలతో చేద్దాం."

గిన్నెలు ఎవరు కడిగారో గుర్తు లేదు. నేనే కడిగి ఉంటాను.

*

బుధవారం పూడ్చారు. పెట్టె మూతకి మేకులు కొట్టి తెచ్చారు, తెరవొద్దన్నారు. ఆ చొక్కా తొడిగారో లేదో నాకు తెలీదు. రెండు వరసల్లో పార్టీవాళ్ళు నిలబడ్డారు. మేజర్ గారు పతకం పెట్టుకుని, చేతికర్ర పక్కవాడికి ఇచ్చేసి, తన కాళ్ళమీద నిలబడి మాట్లాడారు. ఒకప్పుడు దిబ్బ మీద భయపడిన కుర్రాణ్ణి తను వీపు మీద మోసుకొచ్చాననీ, దారి తప్పి ఎర్రవాళ్ళలో కలిసిన ఆ తమ్ముణ్ణి ఈ ఏడు రెండోసారి మోసుకొచ్చి దేశం ఒళ్ళో పెట్టాననీ అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి నటన కాదు. అప్పటికి ఆయన అది పూర్తిగా నమ్మేశారు.

గోడవార తోళ్ళ ఫ్యాక్టరీవాళ్ళు ఏడెనిమిది మంది టోపీలు తీయకుండా నిలబడ్డారు. ఆల్విన్ అమ్ముడుపోయాడని వాళ్ళు అనుకున్నారు. అతనితో పాటు పట్టుబడినవాడి భార్య నా పక్కగా నడుస్తూ ఆగి, "మా ఆయన సంతకం పెట్టలేదు" అంది. ఆయన ఇంకా మిల్లులోనే ఉన్నాడు. తలదించుకున్నాను.

మేజర్ గారు ఇర్మా ముందు వంగి, దాని చెంప మీద చెయ్యి వేసి, "నీకేం కావాలన్నా నేనున్నాను" అన్నారు. అది కళ్ళు పెద్దవి చేసుకుని ఆయన పతకం వైపే చూసింది.

శుక్రవారం అది మళ్ళీ బడికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఏడ్చింది. వచ్చేటప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చింది. సంచీ బల్లమీద పడేసి, ఊపిరి ఆడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇవాళ నన్ను ఎవరూ ఏమీ అనలేదు! టీచరమ్మ నన్ను ముందుకి పిలిచి నిలబెట్టింది. క్లాసంతా లేచి సలాము కొట్టింది, నాకే. నాన్న కథ చెప్పింది. ఫాన్ స్ట్రేలెన్ గారు నాన్నని వీపు మీద వేసుకుని బురదలో మైలున్నర మోశారటగా! నువ్వెప్పుడూ చెప్పలేదేం?"

నోరు తెరిచాను. పదేళ్ళ పిల్ల. ఇప్పుడు చెబితే సోమవారం బడిలో అంటుంది. బడిలో అన్నది సాయంత్రానికి నూలుమిల్లుకి చేరుతుంది. అది నా మొహంలోకి చూస్తోంది. నెలరోజుల్లో మొదటిసారి దాని బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"నిజమేనా అమ్మా? మోశారా?"

"మోశారు" అన్నాను.

అది తృప్తిగా తలూపి, చేతులు కడుక్కోడానికి వెళ్ళింది.